న్యాగు భుజాన మోసిన భారం

రొమేనియా హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి క్రిస్టీనా న్యాగు 2024లో ఆటకు వీడ్కోలు పలికారు. 2010, 2015, 2016, 2018 సంవత్సరాలకు అంతర్జాతీయ సమాఖ్య ప్రకటించిన ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారాలు ఆమెవే. ఆ గౌరవాన్ని నాలుగుసార్లు అందుకున్న మహిళ అప్పటికి మరొకరు లేరు. ఆ ఘనతను తక్కువ చేయబోము గానీ, మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది మొదటి రెండు పురస్కారాల నడుమ గడిచిన ఐదేళ్ల కాలం. భుజానికి, ఆపై మోకాలికి తగిలిన తీవ్ర గాయాలతో, ఆమె మళ్లీ కోర్టులో దిగుతారా అన్న సందేహం నడుమ గడిచిన కాలమది.

ఆమె ఆడిన లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు నుంచి దూరపు షాట్లు విసిరే స్థానం, శరీరాన్ని పీల్చి పిప్పి చేస్తుంది. గోల్‌కు ఆరు మీటర్ల దూరంలోని గీత లోపల గోల్‌కీపర్ తప్ప మరెవరూ అడుగు పెట్టరాదు. ఆ గీత ముందు చేతులెత్తి గోడలా నిలిచే రక్షకుల తలల మీదుగా, తొమ్మిది మీటర్ల దూరం నుంచి గాల్లోకి లేచి బంతి విసరాలి. కుడిచేతి వాటం వారు ఎడమ కాలితో ఎగిరి తరచూ ఆ ఒంటికాలి మీదే దిగాలి. విసరబోయే చేతిని ప్రత్యర్థి పట్టి లాగడమూ ఈ ఆటలో మామూలే.

గాయాలకు తోడు, ఆడిస్తున్న క్లబ్బే కూలిపోయింది. రిమ్నికు విల్చా పట్టణంలోని ఓల్ట్‌కిమ్ రసాయన కర్మాగారం పోషించిన జట్టు 2010లో ఐరోపా క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. 2013 ఆరంభంలో ఆ కర్మాగారం దివాలా ప్రక్రియలోకి జారుకోగా, ఆ ఏడాదే తారలంతా చెల్లాచెదురయ్యారు. న్యాగు మాంటెనెగ్రోలోని బుదుచ్‌నొస్త్ క్లబ్బుకు వెళ్లి, 2015లో ఆ జట్టుతో ఛాంపియన్స్ లీగ్ గెలిచారు. 1962లో సొంతగడ్డపై ప్రపంచ విజేతగా నిలిచిన రొమేనియా తన మేటి క్రీడాకారిణిని ఒక కర్మాగారం జమాఖర్చులకు వదిలేసిందంటే ఆ తప్పు కర్మాగారానిది కాదు. అయినా ఆమె 2015లోనే జాతీయ జట్టును ప్రపంచ పోటీల్లో కాంస్యం దాకా నడిపించారు. 2008, 2016 ఒలింపిక్స్‌లో ఆడినా పతకం మాత్రం అందలేదు.

2017లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌కు తిరిగొచ్చాక, 2018 డిసెంబరులో ఫ్రాన్స్‌లో జరిగిన ఐరోపా పోటీల్లో మోకాలి లిగమెంట్ తెగింది. ఒక ఏడాది ఐరోపా, మరుసటి ఏడాది ప్రపంచ పోటీలు చొప్పున ప్రతి డిసెంబరూ క్లబ్బుల సీజన్ నడుమ ఒక పెద్ద టోర్నీకే పోతుంది. గాయాలన్నిటికీ క్యాలెండర్‌నే నిందించలేము. అయితే నివారణ మార్గం తెలియనిదేమీ కాదు: 15 నుంచి 17 ఏళ్ల హ్యాండ్‌బాల్ ఆటగాళ్లు 1,837 మందిపై నార్వే పరిశోధకులు జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, సమతుల్యతనూ దిగే తీరునూ సరిదిద్దే సన్నాహక వ్యాయామాలు చేసినవారికి మోకాలి, చీలమండ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. అలాంటి సాధనను బాలికల జట్లన్నిటికీ సమాఖ్యలు తప్పనిసరి చేయాలి. రెండేళ్లలో ఒక డిసెంబరునైనా జాతీయ జట్లకు పెద్ద టోర్నీ లేకుండా విడిచిపెట్టాలి. టికెట్ల, ప్రసారాల రాబడి కొంత తగ్గితే ఆ నష్టాన్ని నిర్వాహకులే భరించాలి.