ఉగాది సీజన్‌లో ఫ్లాట్ అమ్మకానికి పెట్టి చూడండి

హైదరాబాద్‌లో ఇల్లు అమ్మాలంటే ఉగాది తర్వాతేనట. పిల్లల పరీక్షలు అయిపోతాయి, జూన్‌లో బడులు తెరిచేలోపు జనం ఇల్లు మారాలనుకుంటారు, ఆషాఢం వస్తే గృహప్రవేశాలు ఉండవు. లెక్క బాగానే ఉంది. కానీ వచ్చేవాళ్లలో కొనేవాళ్లెవరో, ఎండకు కాసేపు ఏసీ కింద కూర్చుందామని వచ్చేవాళ్లెవరో తెలిసి చావదు.

ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చోగానే బ్రోకర్ ఫోన్. "సార్, పార్టీ లిఫ్ట్ దగ్గరే ఉంది." పార్టీ అంటే బామ్మగారితో సహా కుటుంబం మొత్తం. ఒకాయన ఫోన్‌లో దిక్సూచి తెరిచి హాలు మధ్యలో నిలబడతాడు. ఈశాన్యం కాస్త తగ్గిందట. బామ్మగారు తిన్నగా బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుతారు. బోరు ఎండితే ట్యాంకర్లు తెప్పిస్తారా అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే, నేనైనా అడుగుతాను.

నాకు ఒళ్లు మండేది డబ్బు దగ్గర. రిజిస్ట్రేషన్ గవర్నమెంటు వాల్యూకి చేసేద్దాం, మిగతాది క్యాష్ అంటారు. నా హోమ్‌లోన్ బ్యాంకువాళ్లు నోట్ల సంచి తీసుకుంటారా? ఇల్లు 50 లక్షలు, ఆపైన పలికితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్, అంటే నా తరఫు ఆదాయపు పన్ను, పట్టుకుని సర్కారుకు కట్టాలని చెబితే, నేనేదో అదనంగా గుంజుతున్నట్టు చూస్తారు. అది కోసేది నాకు రావాల్సిన డబ్బులోంచే బాబూ!

ఇవన్నీ దాటి బేరం కుదిరిందా, "మూఢం వెళ్లాక అడ్వాన్స్ ఇస్తామండీ" అంటారు. మరి ఇదే మూఢంలో వారం వారం వచ్చి నా అల్మారాలు తెరిచి చూడ్డానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదేం?