బడిలో పుట్టిన పరిశోధన బడికి చేరాలి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 2005 నుంచి కొన్నేళ్లపాటు, రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకుల సహకారంతో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన అధ్యయనాలను విద్యా ఆర్థికవేత్తలు ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. ఆ ఫలితాలు మన ప్రధానోపాధ్యాయుల దాకా చేరాయని చెప్పడం మాత్రం కష్టం.

వాటిలో ఒకటి పాఠశాల గ్రాంటుకు సంబంధించినది. మొదటి ఏడాది ఎవరూ ఊహించకుండా అందిన గ్రాంటుతో పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అది వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు చదువు సామగ్రిపై తమ ఖర్చు తగ్గించుకోవడంతో, మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పేద ఇంటికి ఆ మిగులు పెద్ద ఊరటే. దాన్ని తక్కువ చేయలేము. అయితే గ్రాంటును దేనికి వెచ్చించాలో యాజమాన్య కమిటీతో కూర్చుని తేల్చుకోవలసిన ప్రధానోపాధ్యాయుడికి ఇందులో సూటి సూచన ఉంది: ఇంట్లోవాళ్లు ఎలాగూ కొనేవాటికన్నా, వాళ్లు కొనలేనివాటికి ఆ సొమ్ము వాడడం మేలు. ఇంత అక్కరకొచ్చే విషయం 2013లో అంతర్జాతీయ పత్రికలో, ఆంగ్లంలో అచ్చయింది.

అలాగని ఫలితాలను తెలుగులోకి మార్చి సర్క్యులర్‌గా పంపితే సరిపోతుందని మేము అనుకోవడం లేదు. అలా అనుకోకపోవడానికి కారణం కూడా ఆ పరిశోధనలోనే ఉంది. పిల్లలు ఎక్కడ వెనుకబడ్డారో వివరించే నివేదికలను వంద బడుల ఉపాధ్యాయులకు అందజేస్తే, పరిశీలకులు వచ్చినప్పుడు వారు మరింత శ్రద్ధగా బోధిస్తూ కనిపించారు కానీ, ఏడాది చివర పిల్లల మార్కులు మిగతా బడులను మించలేదు.

అందువల్ల పరిశోధన ప్రధానోపాధ్యాయుడి ప్రశ్నతోనే మొదలు కావాలి. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులను ఎలా నడపాలి, మూడో తరగతికి వచ్చినా చదవడం రాని పిల్లలకు రోజూ ఎంతసేపు కేటాయించాలి, ఆ సమయాన్ని ఏ పీరియడ్ నుంచి తీసుకోవాలి అన్నవి ఆయన జూన్‌లోనే తేల్చుకోవలసినవి. ఏళ్ల తర్వాత వచ్చే జవాబు ఆ పిల్లలకు అందదు. రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలు (ఎస్‌సీఈఆర్‌టీలు) ఇలాంటి ప్రశ్నలను, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సేకరించి, ఇప్పటికే తేలినవాటిని బడులు తెరిచేలోగా చెప్పాలి. తేలనివాటిని జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల (డైట్) అధ్యాపకులు ఆ బడుల్లోనే ఏడాది పొడవునా ఉపాధ్యాయులతో కలిసి పరీక్షించి చూడాలి. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలను యాప్‌లలో ఎక్కించడానికే పొద్దు గడిచిపోతున్న ప్రధానోపాధ్యాయుడికి ఈ పనికి తీరిక కల్పించే బాధ్యత విద్యాశాఖలదే.