"కొత్తగా చేరారా?"

ఈ ఉదయం లిఫ్టులో మా చీఫ్ పీపుల్ ఆఫీసర్ గారు నన్ను చూసి చల్లగా నవ్వి, "కొత్తగా చేరారా?" అని అడిగారు. నేను ఇక్కడ చేరి ఈ నెలతో తొమ్మిదేళ్లు. "అవునండీ, మొన్ననే" అన్నాను. "మన కుటుంబంలోకి స్వాగతం" అని నాలుగో అంతస్తులో దిగిపోయారు.

ఉగాది దాకా ఆయన హెచ్‌ఆర్ హెడ్. పండక్కి పదవి పేరు మారింది. మనిషి ఆయనే, గది మాత్రం పెద్దదైంది. నిజం చెప్పాలంటే 'మానవ వనరులు' అన్న పాత మాటే నయం. వనరు అంటే బొగ్గు, నీళ్లు. ఉన్నంతకాలం తోడుకుంటారు, అయిపోతే మూత పెడతారు. అందులో దాపరికం లేదు. ఈ 'పీపుల్' వచ్చాక తోడేముందు తల కూడా నిమురుతున్నారు.

ఆ పదవిలో చేసే పని మీకు తెలియనిదా? నియామకాలు, జీతాలు, రేటింగులు, తొలగింపులు. యాజమాన్యానికీ ఉద్యోగికీ మధ్య వంతెన అంటారు. టోల్‌గేటు మాత్రం మన వైపే.

మా నాన్న స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం అప్పట్లో 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట వాళ్ల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి తీరాల్సి ఉండేది. చాలా రాష్ట్రాల నిబంధనల్లో ఇంకో ముక్క కూడా ఉండేది: ఆ అధికారి కార్మికుల మీద క్రమశిక్షణ కేసులు చూడకూడదు, యాజమాన్యం తరఫున వాళ్లకు వ్యతిరేకంగా కోర్టుకు వెళ్లకూడదు. మరి మా దగ్గర? పోయిన మార్చిలో పదహారు మందికి నాలుగేసి నిమిషాల వీడియో కాల్‌లో ఉద్వాసన చెప్పింది ఈ పీపుల్ ఆఫీసర్ గారే. మర్నాటి నుంచి 'మానసిక ఆరోగ్య వారం'. మిగిలినవాళ్లకు యోగా చాపలు పంచారు. నాకు ఊదా రంగుది వచ్చింది. మా పాప బొమ్మలకు పరుపుగా వేసింది.

మిల్లు వెల్ఫేర్ ఆఫీసర్ దేవుడేమీ కాదు. క్యాంటీన్ సాంబారు విషయంలో నాన్న ఆయన్ని తిట్టని రోజు లేదు. కానీ మా తాతయ్య పోయినప్పుడు వానలో గొడుగేసుకుని మా ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

అసలు నా కడుపుమంట అక్కడే. రెండేళ్ల క్రితం నాన్న పోయారు. తండ్రి పోతే మా సంస్థలో మూడు రోజుల సెలవు. మూడు రోజులంటే ఏమిటి, అస్థికలు ఏరుకుని నేరుగా ఆఫీసుకు రమ్మనా? నా సొంత సెలవులు కలిపి పెద్దకర్మ దాకా దరఖాస్తు పెట్టుకున్నాను. పిండం పెట్టి, కాకి ఎప్పుడు ముడుతుందా అని అందరం దూరంగా నిలబడి చూస్తుంటే జేబులో ఫోను మోగింది. 'మరణ ధ్రువీకరణ పత్రం అప్‌లోడ్ చేయండి. 48 గంటలు దాటితే దరఖాస్తు రద్దవుతుంది.' కింద ఒక గుండె బొమ్మ. పంచాయతీలో సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో ఉన్నాడు. (పాపం, ఆయనకైనా దొరికింది.) దరఖాస్తు రద్దయింది. జీతం కోశారు.

ఆన్‌లైన్‌లో ఫిర్యాదు, అంటే వాళ్ల భాషలో టికెట్, పెడితే ఆరు నెలలకు జవాబొచ్చింది: 'మీ సమస్య పరిష్కరించాం, ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' డబ్బు మాత్రం ఈ రోజుకీ రాలేదు. ఇందాక లిఫ్టు దిగి సీట్లో కూర్చోగానే ఆ టికెట్ మళ్లీ తెరవబోయాను. ఏడాది దాటినవి తెరుచుకోవట. కొత్తది పెట్టుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం మళ్లీ జతచేయాలి.