శ్రీయుత ప్రాంప్టింగు గారికి

ఉభయకుశలోపరి. మీ కుశలానికి లోటేముంది లెండి, సీరియల్ సెట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా కెమెరా పక్కన నిలబడి ఆర్టిస్టులకు డైలాగులు అందించే చోటు మీదేగా.

నిన్న 2 గంటలకు రావాల్సిన సీను పేపరు నాలుగున్నరకు వాట్సాప్‌లో ఊడిపడింది. అందాకా ఆర్టిస్టు సొంత పట్టుచీరలో, సొంత గిల్టు నగల్లో బొమ్మలా కూర్చుంది. వచ్చాకైనా చదవనిచ్చారా? "ప్రాంప్టింగ్ ఉందిగా మేడమ్, షాట్ రెడీ!" అదీ మీ మీద భరోసా.

నాటకాల్లో మీరిలా ఉండేవారు కాదు. సైడు వింగు చాటున నిలబడి, మాట తప్పినప్పుడే మొదటి రెండక్షరాలు అందించేవారు. మీ గొంతు ముందు వరసకు వినబడితే ట్రూపు పరువు పోయేది. గంట నాటికకు నెల్లాళ్లు రిహార్సల్ చేసిన మనిషికి తన డైలాగే కాదు, ఎదుటివాడిదీ నోటికొచ్చు. ఇక్కడ అసిస్టెంటు డైరెక్టరు "నా కొడుకును" అంటే "నా కొడుకును", "నా నుంచి" అంటే "నా నుంచి", "విడదీస్తావా" అంటే "విడదీస్తావా". ముక్కకో ఏడుపు! చెవి మీ వైపు, కన్ను కోడలి వైపు. మాట అందేలోపు ముఖంలో భావం చల్లారుతుంది. చూపు పక్కకు జారిందా, వన్ మోర్. ఆ ఖాళీలు పూడ్చడానికే ఎడిటరు ఇంటిల్లిపాది ముఖాలూ మూడేసిసార్లు చూపించి ఢామ్మనిపిస్తాడు. ఓవరాక్షన్ అని జనం తిట్టేది మాత్రం ఆమెనే.

నలభై ఏళ్లకే ముప్ఫై అయిదేళ్లవాడికి తల్లిని చేశారు, సరే. పేమెంటు మూడో నెలకూ రాదు, అదీ సరే.

గొంతన్నా మిగిల్చారా? మీ అరుపు ట్రాకులో పడింది కాబట్టి మొత్తం తుడిచేసి, ఇంకొకరితో డబ్బింగు. తెలుగు రాని కన్నడ హీరోయిన్‌కు మీరు కావాలి, కాదనం. హ్యాంగింగ్ మైకు చచ్చినా ఆఖరి వరసకు వినబడే గొంతుకూ అదే మందా? 1885లో కీచకవధ నాటకంతో పుట్టిన సురభి నాటక సమాజంలో, ఆడవేషాలు మగవాళ్లు కడుతున్న రోజుల్లోనే ఆడవాళ్లు స్టేజీ ఎక్కి తమ గొంతుతో పద్యం ఎత్తుకున్నారయ్యా. నువ్వొచ్చి ఆ గొంతు నొక్కావు. సిగ్గుందా నీకు?

ఆదివారం నాటక పరిషత్తులో ఆమె నాటిక ఉంది. రా. వింగు చాటున పేపరు పట్టుకుని నోరుమూసుకుని నిలబడు. క్లైమాక్సులో ఒకవేళ ఆగితే మొదటి రెండక్షరాలు చాలు, మిగతాది ఆమె చూసుకుంటుంది.