కాపలాకూ వాళ్లే, అనుమానానికీ వాళ్లే

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్ మోటారో, కేబుల్ వైరో, నాలుగు మేత బస్తాలో పోయాయంటే ముందుగా ఎవరి గుడిసె వెతుకుతారో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు: ఆ గట్ల మీద కాపలా ఉండే యానాది గిరిజనులది. ఫిర్యాదు రాయకముందే పేరు ఖాయమైపోతుంది.

తొలిచూపు అంచనాల గురించి మాట్లాడితే చాలు, లుంగీ కట్టుకుని షోరూమ్‌కి వచ్చిన ఆసామిని సేల్స్‌మన్ చులకనగా చూసిన కథ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. చీమకుర్తి గ్రానైట్, కందుకూరు పొగాకు ఉన్న చోట అలాంటి కథలకు కొదవేముంది! కానీ ఆ ఆసామికి పోయిందేమిటి? పక్క షోరూమ్‌కి వెళ్తాడు. గుంట గట్టు మీద బతికే యానాదికి పక్క షోరూమ్ లేదు.

2006లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు విల్లిస్, తొదొరోవ్ కొన్ని ముఖాల ఫొటోలు చూపించి, ఈ మనిషిని నమ్మొచ్చా అని అడిగారు. జనానికి సెకనులో పదోవంతు సరిపోయింది. నన్ను కలవరపెట్టింది ఆ తర్వాతి సంగతి. ఇంకాస్త ఎక్కువసేపు చూడనిచ్చినా తీర్పు పెద్దగా మారలేదు, దాని మీద ధీమా మాత్రం పెరిగింది. "ఇరవై ఏళ్ల సర్వీసండీ, మొహం చూసి పట్టేస్తా" అనే అధికారి మాట విన్నప్పుడల్లా నాకు ఆ ధీమాయే కనిపిస్తుంది.

ఆ ధీమాకి కుర్చీ దొరికితే ఏమవుతుందో మన జిల్లా చూసింది. 1871 నాటి నేరజాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్ల కోసం కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహణలో సెటిల్‌మెంట్, అంటే నిఘాలో ఉంచే కాలనీ, వెలిసింది. యానాదుల్లో కొందరూ ఆ చట్టం కిందికి వెళ్లారు. ఏ నేరమూ రుజువు కానక్కర్లేదు, పుట్టిన కులం చాలు, పేరు రిజిస్టర్లోకి ఎక్కుతుంది. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. నెల్లూరు జిల్లావాడైన వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 1947లో మద్రాసులో, 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. రిజిస్టర్ మూతపడింది గానీ, చూసే కళ్లు అవే.

విడ్డూరం ఏమిటంటే, ఊరి కాపలాకు తరతరాలుగా యానాదులనే పెట్టుకున్నదీ మనమే. ఇవాళ లక్షల సరుకున్న గుంట మీద ఒక టార్చిలైటు చేతికిచ్చి, తాటాకు పాకలో రాత్రంతా కాపలా ఉంచేదీ వాళ్లనే. నమ్మకం లేకపోతే అంత సొత్తు ఎందుకు అప్పగించినట్టు? నమ్మకం ఉంటే తెల్లారి వైరు కనిపించకపోగానే ఆ పాకలోకే ఎందుకు దూరినట్టు? జీతం తక్కువ ఇవ్వడానికి నమ్మకం, నష్టం రాబట్టుకోవడానికి అనుమానం. రెండూ యజమానికి కలిసొచ్చే లెక్కలే.

చూడగానే అంచనా వేసుకోకుండా లోకంలో బతకలేమనేవాళ్లున్నారు. నిజమే. అర్ధరాత్రి ఒంగోలు బస్టాండులో ఒంటరిగా దిగిన ఆడపిల్ల ఎవరినో చూసి పక్కకు జరిగితే తప్పు పట్టను. ఆమె జాగ్రత్త వల్ల ఎవరూ స్టేషన్‌కి వెళ్లరు. అంతవరకే ఒప్పుకుంటాను.

ఇప్పుడు రిజిస్టర్ పని వాట్సాప్ గ్రూపులు చేస్తున్నాయి. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ పుట్టిన పుకార్లకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు. మాసిన బట్టలు, వేరే యాస, అంతే సాక్ష్యం. ఆ ఫొటోలు ఫార్వర్డ్ చేసినవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

అందరి మనసులూ మారేదాకా కూర్చోవాలంటే మన తరం అయిపోతుంది. స్టేషన్‌లో మార్పు మాత్రం రేపే తేవచ్చు. మామూలు దొంగతనం కేసుకు శిక్ష మూడేళ్లలోపే. వెంటనే అరెస్టు అక్కర్లేనప్పుడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి పిలవాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ చెబుతోంది. గుంట యజమాని ఫోన్ చేయగానే జీపు పంపడం మానేసి, ఆ కాగితం మీద ఏ ఆధారంతో పిలుస్తున్నారో ఎస్సై తన చేత్తో రాసి సంతకం పెట్టాలి.