పూజ ఇంటిది, చాకిరీ అమ్మది

శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం బెంగళూరులో తెలుగువాళ్ళకీ కన్నడిగులకీ ఒకటే పండగ. మనం వరలక్ష్మీ వ్రతం అంటాం, వాళ్ళు వరమహాలక్ష్మి హబ్బ అంటారు. ఆ వారం కేఆర్ మార్కెట్‌లో కనకాంబరాల ధర అడగాలంటేనే భయం. గాంధీ బజార్‌లో అరటి పిలకలు, మామిడాకులు, తామర మొగ్గలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్ళు ఆ ట్రాఫిక్‌లో అంతదూరం పోలేక ఫోన్‌లోనే అన్నీ తెప్పించుకుంటున్నారు. తమలపాకులు, పసుపు కొమ్ములు, అమ్మవారి ముఖం, ఆఖరికి చీర కట్టడానికి స్టాండు కూడా గుమ్మంలోకి వచ్చి పడుతుంది. పని అందుకోవడానికి ఇంకో మనిషి మాత్రం ఏ యాప్‌లోనూ దొరకదు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలు, నాలుగేళ్ళ కూతురు, ఇంకా ఏడాది నిండని కొడుకు. ఈ ఊళ్ళో ఇలాంటి తెలుగు ఇళ్ళు కొల్లలు. ఆ ఇంట్లో వ్రతం గురువారం రాత్రి పిల్లలు పడుకున్నాకే మొదలవుతుంది. ఇత్తడి సామాను చింతపండు పెట్టి తోమాలి, శనగలు నానబెట్టాలి, పూర్ణం ఉడికించి పెట్టుకోవాలి. తెల్లారకముందే తలస్నానం, గడపకి పసుపు, లిఫ్టు ఎదురుగా ఉన్న ఆ కాస్త జాగాలో ముగ్గు. తొమ్మిది పోగుల దారానికి తొమ్మిది ముడులు వేస్తుంటే మధ్యలో చిన్నోడు లేస్తాడు. వాడికి పాలిచ్చి, గుడ్డ మార్చి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేసరికి ఎన్ని ముడులు పడ్డాయో గుర్తుండదు. ఈలోపు పెద్దది కలశం మీది కొబ్బరికాయకి కళ్ళు గీస్తానంటూ కాటుక డబ్బా పట్టుకుని సిద్ధం. కథ సగంలో ఉండగా ఆఫీసు కాల్ టైమ్ అవుతుంది. సాయంత్రం మూడో అంతస్తులో పేరంటం, ఏడో అంతస్తులో పేరంటం, పిల్లాడు చంకలో, వాయనం సంచి ఇంకో చేతిలో. రాత్రికి గ్రూపులో ఎవరో అడుగుతారు: "మీ అమ్మవారి ఫొటో పెట్టలేదేంటండీ?"

ఈ అవస్థ చూసి ఒకరు "అంత కష్టమైతే మానెయ్యొచ్చుగా" అంటారు. ఇంకొకరు "మా రోజుల్లో ఆరుగురు పిల్లలతో చెయ్యలేదా" అంటారు. రెండు మాటల్లోనూ లెక్క తప్పుతోందని నా అభిప్రాయం. ఆ రోజుల్లో ఆరుగురు పిల్లలున్న ఇంట్లో అత్త, తోడికోడలు, పెళ్ళికాని ఆడపడుచు, పక్కింటి పిన్ని కూడా ఉండేవాళ్ళు. ఒకరు పిండి కలిపితే ఒకరు పిల్లాణ్ణి ఆడించేవాళ్ళు. పనులన్నీ అన్ని చేతుల్ని నమ్ముకునే ఏర్పడ్డాయి. బెంగళూరు ఫ్లాట్‌కి వచ్చేసరికి ఆ చేతులన్నీ పోయాయి. పనుల చిట్టా మాత్రం చెక్కుచెదరలేదు. పైగా మన ఊళ్ళో లేని బ్యాక్‌డ్రాప్ డెకరేషనూ, రిటర్న్ గిఫ్టులూ వచ్చి చేరాయి.

అసలు వ్రతకథ ఏం చెబుతుందో చూడండి. మగధ దేశంలో కుండిన నగరం, అందులో చారుమతి. లక్ష్మీదేవి కలలో కనిపించి వ్రతం చెయ్యమంటుంది. చారుమతి లేచి ఆ సంగతి ముందు భర్తకీ అత్తమామలకీ చెబుతుంది. వాళ్ళంతా సరేనంటారు. శ్రావణ శుక్రవారం రాగానే ఊళ్ళోని ఆడవాళ్ళు చారుమతి ఇంటికొచ్చి, అందరూ కలిసి మండపం సిద్ధం చేసి పూజ చేస్తారు. అంటే ఇంటిల్లిపాదికీ తెలిసిన పని, వాడంతా కలిసి ఒకచోట చేసిన పని. ఏటా ఈ కథ చదివి అక్షింతలు వేసుకుంటాం. ఒకే బ్లాకులో పన్నెండు ఫ్లాట్లుంటే పన్నెండు కలశాలు, పన్నెండు చోట్ల బూరెల మూకుడు, పన్నెండు చోట్ల ఏడుస్తున్న పసిపిల్లలు. పక్క పక్క ఇళ్ళవాళ్ళు నలుగురు ఒక ఇంట్లో కూర్చుని, ఇద్దరు పూజ సంగతి, ఇద్దరు పిల్లల సంగతి చూసుకుంటే కథకి వచ్చే లోటేమిటి? కొన్ని కుటుంబాల్లో కలశం పెట్టే ఆనవాయితీయే లేదు, పటం పెట్టి చేసేస్తారు. ఆ శుక్రవారం కుదరకపోతే శ్రావణంలో మరో శుక్రవారం చేసుకునేవాళ్ళూ ఉన్నారు. ఇన్ని వెసులుబాట్లు ఉన్న వ్రతాన్ని పరీక్షలాగా మార్చుకున్నది మనమే.

ఈ చాకిరీ ప్రభుత్వ లెక్కల్లో ఎక్కడ చేరుతుందో చూస్తే ఇంకా ఆశ్చర్యం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనులకే పెట్టేవాళ్ళు. ఆ పనులు చేసే మగవాళ్ళ సగటు 97 నిమిషాలు. అదీ ఇంటి పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళ సంగతే, పెట్టనివాళ్ళు ఆ సగటులో లేరు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం వేరే లెక్క: అక్కడ ఆడవాళ్ళు 134 నిమిషాలు, మగవాళ్ళు 76. మరి పూజ? ఆ సర్వే వర్గీకరణలో మతపరమైన ఆచరణని నలుగురితో కలవడం, కబుర్లు, సామాజిక కార్యక్రమాలు ఉన్న విభాగంలో కలిపారు. వండిన నైవేద్యం వంట కింద పోతుందేమో గానీ, దీపం ముందు కూర్చున్న సమయం స్నేహితులతో మాట్లాడిన సమయం పక్కన చేరుతుంది. గుడికెళ్ళి ప్రశాంతంగా కూర్చుని వచ్చే పెద్దమనిషికి ఆ లెక్క సరిపోతుంది. చంకలో పిల్లాడితో తొమ్మిది రకాల నైవేద్యాలు అమర్చే తల్లికి సరిపోదు. ఇంట్లోవాళ్ళూ అలాగే చూస్తారు: "నీ పూజ నీ ఇష్టం కదా, నీ కోసం చేసుకుంటున్నావు." కొబ్బరి ముక్క, ప్రసాదం, ఇంటి క్షేమం అందరివీ. తోమాల్సిన సామాను మాత్రం ఆవిడ ఇష్టాల ఖాతాలో పడుతుంది.

పిల్లలు మరీ చిన్నగా ఉన్నప్పుడు ఆచారానికీ డాక్టర్ మాటకీ మధ్య తల్లి నలిగిపోతుంది. పంచామృతంలో పాలు, పెరుగు, నెయ్యి, పంచదారతో పాటు తేనె ఉంటుంది. ఏడాదిలోపు పిల్లలకి తేనె చుక్క కూడా పెట్టొద్దని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు. తేనెలో ఉండే అవకాశమున్న ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషాన్ని తయారు చేస్తాయి, ఒళ్ళంతా కండరాలు చచ్చుబడతాయి. "తీర్థం చుక్క నాలిక్కి రాస్తే ఏమవుతుంది, దేవుడిది కదా" అంటారు పెద్దవాళ్ళు. వాళ్ళది ప్రేమే. కానీ వాళ్ళకి ఎదురు చెప్పి, పండగపూట నోరు చేసుకున్న కోడలు అనిపించుకునేది తల్లి ఒక్కతే. కర్పూరం ఇంకా ప్రమాదం. పటికబెల్లం పలుకులా కనిపించే ఆ బిళ్ళ చిన్న ముక్క మింగినా పసివాళ్ళకి ఫిట్స్ రావచ్చు. దేవుడి అర కింది సొరుగులో కర్పూరం డబ్బా, అగ్గిపెట్టె పెట్టుకునే ఇళ్ళు నేను చాలా చూశాను. పాకే పిల్లాడికి సరిగ్గా అందే ఎత్తు అది.

ఇలాంటి చిక్కులు చాలావరకు తేలిగ్గా తీరేవే. అన్నప్రాశన సంగతే తీసుకుందాం. ఆడపిల్లకి బేసి నెలలో చెయ్యాలని ఐదో నెలకే ముహూర్తం పెట్టేస్తుంటారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆరు నిండాక వచ్చేది ఏడో నెల, అదీ బేసి నెలే. శాస్త్రమూ డాక్టరూ ఒక్క మాట మీదే ఉన్నారు. మధ్యలో తొందరపడేది బంధువులు, హాల్ బుకింగ్.

ఆచారాలు ఎంత సాగుతాయో తెలియాలంటే నెలకి మూడు రోజులు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో గమనించాలి. బయట చేరిన రోజుల్ని పాటించే ఇళ్ళలో ఆ మూడు రోజులూ దీపం ఆయన పెడతాడు. స్నానం చేసి వచ్చి, ఒత్తి వెలిగించి, అరటిపండు పెట్టి, గంట కొట్టి, రెండు నిమిషాల్లో బ్యాగు భుజానికి తగిలించుకుంటాడు. పువ్వులు నిన్నటివే ఉన్నా ఎవరూ ఏమీ అనరు. వీడియో కాల్‌లో అత్తయ్య "మా బాబు ఎంత బుద్ధిగా దీపం పెట్టాడో" అని మురిసిపోతుంది కూడా. నాలుగో రోజు తలస్నానం అవగానే పూర్తి చిట్టా మళ్ళీ ఆవిడ చేతికొస్తుంది. ఆయన చేసిన రెండు నిమిషాల పూజతో ఆ మూడు రోజులూ ఇంటికి ఏ లోపమూ రాలేదు కదా? అదే రెండు నిమిషాలు నాలుగో రోజున ఆవిడ చేస్తే "ఈ మధ్య నీకు శ్రద్ధ తగ్గింది" అనే మాట ఎందుకొస్తుంది? గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం, ఈ ఐదింటితో ముగించే పూజని మన పెద్దలే పంచోపచారం అన్నారు. పదహారు ఉపచారాలూ చెయ్యలేనివాళ్ళ కోసం ఉన్న దారి అది. ఆ దారిలో ఇంటి మగవాళ్ళు ఎవర్నీ అడక్కుండా నడుస్తారు. పసిపిల్లల తల్లి నడిస్తే మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి.

అలాగని "మానెయ్" అనే సలహా కూడా నాకు నచ్చదు. అది చెప్పేవాళ్ళకి పూజలో పనే కనిపిస్తుంది, దాని వల్ల ఆవిడకి ఏం దొరుకుతుందో కనిపించదు. పిల్లలు లేవకముందు దీపం ముందు కూర్చునే ఆ కాసేపు, రోజు మొత్తంలో ఆవిడని ఎవరూ "అమ్మా" అని పిలవని సమయం. పిల్లాడికి జ్వరం వచ్చి మందు పనిచేసేదాకా రాత్రంతా మేలుకున్నప్పుడు నోటికొచ్చే నామం ఆవిడకి నిజంగా ఆసరా. భాష సంగతి కూడా ఉంది. బడిలో ఇంగ్లీషు, కన్నడ, కింద పార్కులో హిందీ. ఈ ఊళ్ళో పెరిగే మన పిల్లలు తెలుగులో పూర్తిగా వినే కథలు చాలామటుకు అమ్మ చెప్పే దేవుడి కథలే. ఉగాదికి పక్కింటి కన్నడ పిన్ని బేవు బెల్ల, అంటే వేపా బెల్లమూ పెడితే, "మనింట్లో ఆరు రుచులు కదా, వీళ్ళకి రెండేనా?" అని మా పెద్దది గట్టిగానే అడిగేసింది. ఆవిడ నవ్వేసింది, నాకు తలకొట్టేసినట్టయింది. కానీ ఆ ప్రశ్న వెయ్యడానికి దానికి మన పచ్చడి గురించి తెలిసి ఉండాలి కదా.

పిల్లలు అడ్డం పడితే పూజ చెడిందని బాధపడే తల్లులకి భాగవతంలో యశోద ఉంది. ఒళ్ళో కృష్ణుడు పాలు తాగుతున్నాడు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. సాక్షాత్తూ దేవుణ్ణి కింద దింపేసి ఆవిడ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. కోపమొచ్చి వాడు పెరుగు కుండ పగలగొట్టాడు. రోటికి కడదామంటే ఎంత తాడు తెచ్చినా రెండంగుళాలు తక్కువైంది. చివరికి ఆవిడ అలసట చూసి తనే కట్టుబడ్డాడు. దేవుణ్ణి దింపి పాలగిన్నె చూసుకుందని ఆ కథలో యశోదని ఎవరూ తప్పుపట్టలేదు.

పిల్లలకి భక్తి ఎక్కడ అంటుతుందో చూస్తే, చాలాసార్లు అది అమ్మ చాకిరీ చెయ్యక్కర్లేని చోటే. కార్తీకం చివరి సోమవారానికి బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి దగ్గర కడలెకాయి పరిషె జరుగుతుంది. రోడ్డు పొడుగునా శనక్కాయల రాశులు, బొమ్మలు, బుడగలు. తల్లి అక్కడ ఏదీ వండక్కర్లేదు, ఎవరికీ వాయనం ఇవ్వక్కర్లేదు. పిల్లలు కాయలు ఒలుచుకు తింటూ బసవన్నని చూసి వస్తారు, ఏడాదంతా చెప్పుకుంటారు. రాజాజీనగర్ ఇస్కాన్‌లో 108 రాళ్ళ మీద ఒక్కో రాయికి ఒకసారి మంత్రం చెబుతూ నడవడం పిల్లలకి తొక్కుడుబిళ్ళ ఆట. మా ఇద్దరూ మంత్రం మింగేసి రాళ్ళు మాత్రం ఒక్కటీ వదలకుండా గెంతారు.

గుళ్ళు ఈ తల్లుల గురించి ఆలోచించాల్సింది చాలా ఉంది. తెలుగు చర్చిలకి వెళ్ళే నా స్నేహితురాళ్ళకి సండే స్కూల్ ఉంది. పిల్లలు వేరే గదిలో పాటలూ కథలూ నేర్చుకుంటుంటే తల్లి ఆ గంటా నిశ్చింతగా ఆరాధనలో కూర్చుంటుంది. ఇస్లాంలో పాలిచ్చే తల్లి రంజాన్ ఉపవాసం వాయిదా వేసుకోవచ్చు, తర్వాత తీర్చుకోవచ్చు. మన దగ్గర కార్తీక సోమవారం నక్షత్రాలు కనిపించేదాకా ఉండొద్దని బాలింతకి పెద్దవాళ్ళు చెబితే ఆ వెసులుబాటు ఉంది, లేకపోతే లేదు. తిరుమలలో ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రుల్ని సుపథం దారిన దర్శనానికి పంపే ఏర్పాటు ఉంది, మంచిదే. అయితే ఏడాదిలోపు బిడ్డ చంకలో పడుకుని ఉంటుంది. అసలు అవస్థ రెండేళ్ళు వచ్చి, క్యూలో కమ్మీల కింద నుంచి దూరి పారిపోయే వయసులో. బెంగళూరు మాల్స్‌లో బిడ్డకి పాలివ్వడానికి, గుడ్డ మార్చడానికి గది ఉంటోంది. ఏటా హుండీ లెక్కలు ఘనంగా చెప్పుకునే గుళ్ళలో చాలావాటికి అది లేదు. ఒక చాప, ఒక ఫ్యాను, తాగే నీళ్ళు, తలుపున్న చిన్న గది చాలు. తల్లి గర్భగుడి ముందు నిలబడే ఆ ఐదు నిమిషాలూ తండ్రి పిల్లాడితో అక్కడ కూర్చుంటాడు, తర్వాత ఆయన వెళ్ళొస్తాడు.