కాలిఫోర్నియా అంత తేలిగ్గా వదలదు
విదేశానికి మకాం మార్చిన అమెరికన్లు ఫెడరల్ రిటర్న్ (అక్కడి కేంద్ర ప్రభుత్వానికిచ్చే పన్ను లెక్క) ఒక్కటి వేస్తే చాలు, రాష్ట్ర పన్ను గొడవ ఉండదని కొందరు రాస్తుంటారు. టెక్సస్, ఫ్లోరిడాల నుంచి వెళ్లేవాళ్లకైతే నిజమే, అక్కడ జీతం మీద రాష్ట్ర పన్నే లేదు. కాలిఫోర్నియా నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఈ మాట నమ్మితే ఇరుక్కుంటారు. ఫెడరల్ లెక్కలో 2025కి 1,30,000 డాలర్ల దాకా విదేశీ జీతానికి మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా దాన్ని ఒప్పుకోదు. మీరింకా అక్కడి రెసిడెంటే అని తేలితే, ఇండియాలో కట్టిన పన్నుకి క్రెడిట్ (ఆ మేరకు తగ్గింపు) కూడా ఇవ్వదు. అంటే ఒకే జీతం మీద రెండు చోట్లా కట్టుకోవాల్సిందే! మా తోడల్లుడు సిటిజన్‌షిప్ వచ్చాక కంపెనీ పనిమీద హైదరాబాద్ వచ్చాడు. ఎలాగూ తిరిగి వెళ్తాం కదా అని శాన్‌హోసేలో ఇల్లు అద్దెకిచ్చి, లైసెన్సు, ఓటు అక్కడే ఉంచుకున్నాడు. ఇవి చూసి అక్కడి రెసిడెంటే అనేయకుండా అతన్ని గట్టెక్కించింది 546 రోజుల నిబంధన. ఉద్యోగ ఒప్పందం మీద వరసగా కనీసం అన్ని రోజులు బయట ఉంటే నాన్‌రెసిడెంట్‌గా చూస్తారు. కానీ ఏ పన్ను ఏడాదిలోనూ కాలిఫోర్నియాలో 45 రోజులు దాటకూడదు, వడ్డీలు, డివిడెండ్లు, షేర్ల లాభాల్లాంటివి 2,00,000 డాలర్లు మించకూడదు. వేసవి సెలవులకని పిల్లల్ని తీసుకెళ్లి రెండు నెలలు కూర్చుంటే అంతే సంగతులు. ఇంత జాగ్రత్తపడ్డా ఇంటి అద్దె మీద, అక్కడ పనిచేసిన కాలానికి చెందిన ఆర్‌ఎస్‌యూల (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్ల) భాగం మీద ఆ రాష్ట్రానికి అతను పన్ను కడుతూనే ఉన్నాడు.